మూత లోపలి అంకె

“చెవిలో మేకు దిగుతోంది గురూ, మేకు! ఇంకెలా చెప్పమంటావు?”

“దిగితే నీ వాయింపులోంచి దిగుతోంది. నా డబ్బాలోంచి కాదు.”

“పదకొండేళ్లుగా ఇదే చెయ్యి, ఇదే వాయింపు. అప్పుడు దిగని మేకు ఇప్పుడెందుకు దిగుతోంది?”

“అప్పుడు నీకు జుట్టుండేది. శబ్దం జుట్టులో చిక్కుకుని ఆగేది. ఇప్పుడు అడ్డేముంది, నేరుగా లోపలికే!”

ఈ మాటలు మేడమీది గదిలోంచి ఇనప మెట్ల మీదుగా దొర్లుకుంటూ వీధిలో పడుతున్నాయి. ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. కింద వాటాలో బట్టలు కుట్టే ఇంటావిడ మిషను ఆపి మరీ వింటోంది. మెట్ల మధ్యలో భుజాన గిటారు సంచితో ఒక కుర్రాడు నిలబడి, సిగ్గూ ఎగ్గూ లేకుండా తనూ వింటున్నాడు.

“వెళ్లు నాయనా, వెళ్లు. దగ్గర్నుంచి చూడు. ఈరోజు ఆటకి టిక్కెట్టు లేదు” అంది ఇంటావిడ కిటికీలోంచి.

కుర్రాడు కాలేజీ మూడో ఏడు మధ్యలో మానేసినవాడు. దేనిమీదా మూడు నెలలకు మించి మనసు నిలవదు. నోటికి మాత్రం సెలవుండదు. నెల కిందట ఒక ఫజ్ పెడల్ చేసిపెట్టమని చెప్పి వెళ్లాడు, ఇవాళ తీసుకోవడానికి వచ్చాడు. పైన గదిలో ఉన్నాయన ఇతన్ని “మానేసినోడా” అని పిలుస్తాడు. గిటారు వాయించేవాళ్లంతా ఆయన్ని బరక బాబాయ్ అంటారు.

బరక అనడానికి కారణం ఉంది. ఎలక్ట్రిక్ గిటారు తీగ మామూలుగా పాలరాయిలా నున్నగా పలుకుతుంది. ఆ నున్నదనం నచ్చనివాళ్లు గిటారుకీ స్పీకరుకీ మధ్య కాలితో తొక్కే చిన్న డబ్బా ఒకటి పెట్టుకుంటారు. తొక్కగానే శబ్దం చిట్లి, గరుకెక్కి, తేనెతుట్టెను కర్రతో కదిపినట్టు లేస్తుంది. ఆ డబ్బాలే బాబాయ్ చేసేవి. ఇంటావిడ మాటల్లో చెప్పాలంటే “పైన మా అద్దెకున్నాయన కందిరీగల్ని పెంచుతున్నాడు.”

బాబాయ్‌కి యాభై ఏడేళ్లు. పెళ్లి లేదు. తల్లిదండ్రులు తొందరపడి వెళ్లిపోతే, పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ణి చదివించి మనిషిని చేసేసరికి తన ముహూర్తాలు దాటిపోయాయి. ఎవరైనా ఆ మాటెత్తితే “సంబంధాలు చూస్తున్నా, వాళ్లింకా నన్ను చూడలేదు” అనేవాడు. కొన్నాళ్లకి ఎత్తేవాళ్లు కూడా మానేశారు.

ముప్పై ఏళ్లుగా ఆయన బండ్ల హారన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అందులో ఇరవయ్యారేళ్లకు పైగా పరీక్షగదిలోనే. తలుపు వేస్తే గాలి ఆడని గది అది. బల్లకి బిగించిన పట్టులో హారన్ పెట్టాలి, మీట నొక్కాలి, రెండు సెకన్లు మోగించాలి, మీటరు ముల్లు చూడాలి, మంచిదైతే కుడి ట్రేలో, చెడ్డదైతే ఎడమ ట్రేలో వెయ్యాలి. రోజుకి నాలుగొందలు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవారు. బాబాయ్ దాన్ని జేబులో పెట్టుకునేవాడు. దూది పెట్టుకుంటే లోపలి రేకు పగిలిన హారన్‌ని గుర్తుపట్టలేనని ఆయన గొప్ప. “ముల్లు కదిలేలోపు నా చెవి పట్టేస్తుంది” అనేవాడు. నిజంగానే పట్టేసేది.

తమ్ముడికి పద్నాలుగేళ్లప్పుడు, పాత రేడియోల్లోంచి పీకిన ట్రాన్సిస్టర్లతో, తమ్ముడి టిఫిన్ డబ్బాకే కన్నాలు పొడిచి, మొదటి పెడల్ చేశాడు బాబాయ్. మర్నాడు ఆ పిల్లాడు అరిటాకులో మధ్యాహ్నం భోజనం కట్టుకుపోయాడు. ఇప్పుడు ఆ తమ్ముడు నాలుగు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో ఒక బడిలో సంగీతం చెప్తాడు. ఆ డబ్బా ఇంకా అతని దగ్గరే ఉంది. ప్రతి ఆదివారం నాలుగింటికి ఫోన్ చేసేవాడు. రెండు నెలలుగా చెయ్యడం లేదు.

ఎందుకు చెయ్యడం లేదో బాబాయ్‌కి తెలీదు. తనే ఒకసారి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. పెద్దవాణ్ణి, రెండోసారి నేనే చెయ్యాలా అనుకున్నాడు. అయినా ఆదివారం మూడున్నర నుంచి ఫోను బల్లమీద, కళ్లెదురుగా, సోల్డరింగ్ గన్ పక్కనే పెట్టుకుంటాడు.

ఇవాళా పెట్టుకున్నాడు. దాని పక్కనే ఒకేలాంటి రెండు డబ్బాలు. ఒకటి పదకొండేళ్ల నాటిది, రంగు పోయి అంచులు అరిగినది. రెండోది నెల కిందటిది, మెరుస్తోంది. రెండూ ఎదురుగా నిలబడ్డ బట్టతలాయనవే. ఆయన శనివారాలు ఒక హోటల్లో గిటారు వాయిస్తాడు. పాతది ఏ రోజు మొరాయిస్తుందోనని భయపడి, అచ్చం అలాంటిదే ఇంకోటి చేయించుకున్నాడు. అచ్చం అలాంటిదే కాదన్నదే ఇప్పటి గొడవ.

“మేనేజరు వచ్చి చెవులు మూసుకున్నాడు గురూ. భోంచేసేవాళ్లు స్పూన్లు కింద పెట్టేశారు.”

“వంట బాగోలేదేమో.”

“నీతో పెట్టుకున్నానూ…” బట్టతలాయన నుదురు కొట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కుర్రాణ్ణి చూశాడు. “నువ్వు చెప్పు తమ్ముడూ. నువ్వూ వాయిస్తావుగా. విని నువ్వు చెప్పు.”

“వాడెవడు తీర్పు చెప్పడానికి?” అన్నాడు బాబాయ్. “కాలేజీవాళ్లు చెప్పిందే వినలేదు వాడు.”

నెల తిరక్కుండా ఇది మూడో పెడల్ వెనక్కి రావడం. ఒకటి పోస్టులో వచ్చింది. లోపల కాగితం ముక్క మీద “కొంచెం పదును ఎక్కువైంది, ఏమనుకోకండి” అని ఉంది. ఇంకోటి మెట్ల మీద సంచిలో దొరికింది. తలుపు కొట్టకుండా పెట్టిపోయారని బాబాయ్ చాలా బాధపడ్డాడు. తెచ్చినతను తలుపు కొట్టాడనీ, పావుగంట కొట్టాడనీ ఇంటావిడకి తెలుసు. ఆవిడ చెప్పింది కూడా. బాబాయ్ “సరేనమ్మా” అని నవ్వి పైకెళ్లిపోయాడు.

ఈమధ్య ఆయనకి అందరూ నోట్లో వక్క పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటోంది. మాటలకి అంచులు పోయాయి. బస్సు కండక్టరు గొణుగుతాడు, బడ్డీకొట్టువాడు గొణుగుతాడు, ఫ్యాక్టరీలో కుర్రవాళ్లయితే పెదాలే కదపరు. లోకం మారిపోయింది, ఎవడికీ నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదు అని తేల్చుకున్నాడు. ఎన్నిసార్లని “ఏంటి, ఏంటి” అంటాడు? “సరే” అనేస్తే గొడవ వదిలిపోతుంది. అలా “సరే” అంటూ అంటూ, చివరికి తనతో ఎవరూ మాట్లాడని చోటికి చేరుకున్నాడు. పది నెలల కిందట సూపర్‌వైజరు ఆయన్ని పరీక్షగదిలోంచి తీసి ప్యాకింగ్‌లో కూర్చోబెట్టాడు. “ఇక్కడ సుఖంగా ఉంటుందన్నా” అన్నాడు. ఎవడో తన మీద చాడీలు చెప్పాడని బాబాయ్ నమ్మకం. రోజంతా అట్టపెట్టెలకి టేపు అంటించి ఇంటికొచ్చి, ఈ బల్ల ముందు కూర్చుంటే తప్ప తను పనివాణ్ణన్న సంగతి ఆయనకే గుర్తుండటం లేదు. ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి కూడా వచ్చి నీ పని చెడింది అంటున్నారు. అందుకే ఇవాళ ఒక్క మెట్టు కూడా దిగదలచుకోలేదు.

“సరే, పంచాయితీ ఎందుకు?” అన్నాడు. కుర్చీని గోడవైపు తిప్పి, వీపు చూపిస్తూ కూర్చున్నాడు. “నేను చూడను. మానేసినోడా, నువ్వు వాయించు. ఒకసారి పాతది తొక్కు, ఒకసారి కొత్తది తొక్కు. నీ ఇష్టం. ఏది ఏదో నేను చెప్తా. తేడా ఉంటే నా చెవి పట్టకుండా ఉంటుందా?”

కుర్రాడు గిటారు బయటికి తీశాడు. రెండు డబ్బాలూ తీగలతో కలిపి నేలమీద పెట్టాడు. ముందు పాతది తొక్కి నాలుగు స్వరాలు మీటాడు. మందంగా, వెచ్చగా, గొంతు బొంగురుపోయిన మనిషి పాడినట్టు వచ్చింది.

“పాతది” అన్నాడు బాబాయ్ గోడతో.

కుర్రాడు కొత్తది తొక్కాడు. అవే నాలుగు స్వరాలు. బట్టతలాయన భుజాలు చెవుల దాకా లేచాయి. కింద ఇంటావిడ గజం బద్దతో కప్పును రెండు పోట్లు పొడిచింది. రేకు మీద మేకుతో గీసినట్టుంది ఆ శబ్దం. పళ్ల మూలాల్లో తగిలింది.

“పాతదే” అన్నాడు బాబాయ్.

కుర్రాడు మళ్లీ కొత్తదే తొక్కాడు.

“అదే. మార్చరా.”

పాతది తొక్కాడు.

“మార్చమంటుంటే వినవే? అదే వాయిస్తున్నావు!” అని, ఒక్క క్షణం ఆగి, బాబాయ్ విజయంతో కుర్చీ తిప్పాడు. “చూశారా? మారుస్తూనే ఉన్నావు కదూ? రెండూ ఒకటే! నేను చెప్పలా?”

బట్టతలాయనా కుర్రాడూ ఒకరినొకరు చూసుకున్నారు. బట్టతలాయన గొంతు సవరించుకున్నాడు. “పోనీలే గురూ. హోటల్లో స్పీకరు తేడా అయ్యుంటుంది. నేనే ఇంకోసారి…”

“స్పీకరు కాదు” అన్నాడు కుర్రాడు. “మీకు వినపడటం లేదు బాబాయ్.”

“ఏంటి?”

కుర్రాడు గిటారు పక్కన పెట్టి, ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి, మాట మాటా విడదీసి చెప్పాడు. “మీకు. వినపడటం. లేదు.”

బాబాయ్ ముఖం ఎర్రబడింది. “కాలేజీలో పాసవలేనోడివి, నా చెవులకి మార్కులేస్తావా?”

“పాసవక కాదు, మానేశా.”

“ఎలాగైనా చేరేది ఇంటికే! ముప్పై ఏళ్లు హారన్లు విన్న చెవులురా ఇవి!”

“అందుకే” అన్నాడు కుర్రాడు.

ఆ మాట వినపడిందో లేదో, బాబాయ్ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. “సర్క్యూటు బొమ్మ అదే, భాగాలు అవే. విప్పి చూపిస్తా. కళ్లున్నాయిగా మీకు?”

గబగబా రెండు డబ్బాలకీ మరలు విప్పాడు. లోపల నిజంగానే అన్నీ ఒకేలా ఉన్నాయి. అదే వరస, అవే ట్రాన్సిస్టర్లు, సోల్డరు చుక్కలు కూడా ఒకే చేతివి. ఒక్కటి తప్ప. చివరన కందిగింజంత కెపాసిటర్ ఒకటి ఉంటుంది. శబ్దంలో కీచుదనాన్ని పట్టి నేలకి దింపేది అదే. అంకె పెద్దదయితే కీచు ఎక్కువ పోతుంది, చిన్నదయితే మిగిలిపోతుంది. ట్రాన్సిస్టర్లు ఒక తల్లి పిల్లలైనా ఒకలా ఉండవు కాబట్టి, ఈ ఒక్కదాన్ని మాత్రం బాబాయ్ బొమ్మ చూసి పెట్టడు. నాలుగైదు రకాలు మార్చి మార్చి విని, చెవికి ఏది “ఇదీ” అనిపిస్తే అది అంటిస్తాడు. ఆ అంకెనూ, ఆ రోజు తేదీనీ సూదితో మూత లోపల గీస్తాడు. అదే ఆయన సంతకం. మిగతా డబ్బా ఎవడైనా చెయ్యగలడు, ఆ అంకె మాత్రం తనది.

పాత మూత లోపల: పది. కొత్త మూత లోపల: ఒకటి.

బాబాయ్ రెండు మూతల్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత అటకమీంచి ఇంకో డబ్బా దించాడు. ఆరేళ్ల కిందట తనకోసం చేసుకున్నది. విప్పాడు. నాలుగు పాయింట్ ఏడు. మెట్ల మీద దొరికినది విప్పాడు, పోయినేడాది తేదీ. రెండు పాయింట్ రెండు. పోస్టులో వచ్చినది. ఒకటిన్నర.

అయిదు మూతలూ తేదీల వరసన బల్లమీద పెట్టాడు. పది, నాలుగు పాయింట్ ఏడు, రెండు పాయింట్ రెండు, ఒకటిన్నర, ఒకటి. మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. ప్రతిసారీ చెవికి అదే శబ్దం రావాలని అంకె తగ్గించుకుంటూ వచ్చాడన్నమాట. తనకి మాత్రం పదకొండేళ్లుగా ఒకే శబ్దం. వినేవాళ్లకి ఏటేటా ఒక మేకు. మనిషితో వాదించవచ్చు. తన సూదితో తను గీసినదానితో ఏం వాదిస్తాడు?

“హారన్లు” అన్నాడు. అంతే అన్నాడు. ప్యాకింగ్‌లో సుఖంగా ఎందుకు కూర్చోబెట్టారో అప్పుడు అర్థమైనట్టుంది.

బట్టతలాయన ఆయన భుజమ్మీద చెయ్యి వేశాడు. “తొందరేం లేదు గురూ. ఎప్పుడైనా వీలున్నప్పుడు చూడు. పాతదుందిగా, నడిపిస్తా” అని పాత డబ్బాకి మూత బిగించుకుని, మెల్లగా మెట్లు దిగిపోయాడు. అంత మెత్తగా మాట్లాడాడు కాబట్టే బాబాయ్‌కి అందులో ఒక్క ముక్కా అందలేదు. చెయ్యి బరువు మాత్రం అందింది.

కుర్రాడు వెళ్లలేదు. తన పెడల్ ఇంకా ఇవ్వలేదు గదా. అది బల్ల చివర సిద్ధంగానే ఉంది. బాబాయ్ దాన్నీ విప్పాడు. అందులోనూ అంకె ఒకటే.

“వేడెక్కాలి, ఆగు” అని సోల్డరింగ్ గన్ ప్లగ్గులో పెట్టాడు. సీసా మూతంత డబ్బాలోంచి పది అంకె కెపాసిటర్లు రెండు ఏరాడు. పాత వాటిని కరిగించి పీకి, బట్టతలాయన వదిలివెళ్లిన కొత్తదాంట్లో ఒకటి, కుర్రాడి దాంట్లో ఒకటి అంటించాడు. ఊదితే పొగ చెదిరింది. “వాయించు.”

కుర్రాడు వాయించాడు. గది వెచ్చగా నిండింది. కింద మిషను చప్పుడు ఆగలేదు, గజం బద్ద లేవలేదు.

“ఎలా ఉంది?”

“బాగుంది.”

“నిజం చెప్పు.”

“బాగోలేకపోతే మొహమాటపడతానా? మీకెలా ఉంది?”

బాబాయ్ నేలమీద పాదం ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. “దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టుంది” అన్నాడు. “ఇదేనా మంచిది? ఎన్నాళ్లుగా నేను వినే మంచిది ఇది కాదు.” మూత లోపలి ఒకటిని సూదితో కొట్టేసి, పక్కన పది గీశాడు. తేదీ గీశాడు. మొదటిసారి చెవిని అడక్కుండా, అంకెను నమ్మి గీశాడు. మూత బిగించి కుర్రాడి చేతిలో పెట్టాడు.

నాలుగయింది. బల్లమీద ఫోను అలాగే ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్న బాబాయ్ ముఖంలో ఏదో కదిలింది. మూతలన్నీ వరసగా పెట్టి చూసినప్పటి ముఖమే మళ్లీ వచ్చింది.

“ఆఖరిసారి వాడు చాలాసేపు మాట్లాడాడు” అన్నాడు.

“ఎవరు?”

“మా తమ్ముడు. అరగంట పైనే. మామూలుగా పది నిమిషాలు దాటడు. మధ్యలో ఆగి ఆగి మాట్లాడాడు. లైను బాగోలేదనుకున్నా. ఏంటని రెండుసార్లు అడిగా. మూడోసారి అడగడానికి మొహమాటమేసింది. సరేరా అన్నా. మళ్లీ ఏదో అన్నాడు. సరే సరే అన్నా. అప్పుడు వాడేం మాట్లాడలేదు. పెట్టేశాడు.” బాబాయ్ ఫోను మీద చెయ్యి పెట్టి తీసేశాడు. “ఏడ్చాడేమో కూడా నాకు తెలీదు. రమ్మన్నాడో, రావద్దన్నాడో తెలీదు. దేనికో సరే అన్నాను.”

కుర్రాడు గిటారు సంచి జిప్పు లాగాడు, మళ్లీ తెరిచాడు.

“ఇంటావిణ్ణి అడగొచ్చు” అన్నాడు బాబాయ్ తనలో తను అనుకుంటున్నట్టు. “ఆవిడ మంచిది. వాడు కఠినంగా అంటే, నన్ను చూసి జాలిపడి మెత్తగా చేసి చెప్తుంది. ఆ బట్టతలాడూ అంతే. చూశావుగా, స్పీకరు అన్నాడు. నీకా గుణం లేదు.”

“తిడుతున్నారా?”

“ఏంటి?”

“ఏం లేదు. చెప్పండి.” కుర్రాడు ఎదురుగా స్టూలు మీద, పెదాలు కనపడేలా కూర్చున్నాడు.

బాబాయ్ సొరుగులోంచి ఒక పాత రూళ్ల పుస్తకం తీశాడు. సర్క్యూటు బొమ్మలు గీసుకునేది. ఖాళీ పేజీ వెతికి, దాని మీద పెన్సిలు పెట్టి, కుర్రాడి వైపు జరిపాడు. ఫోనూ జరిపాడు.

“నంబరు నేను నొక్కుతా. ముందు నేనే మాట్లాడతా, నా సంగతి వాడికి నేనే చెప్పుకుంటా. ఆ తర్వాత ఫోను నీ చెవి దగ్గర పెట్టుకుని, వాడు అన్నది అన్నట్టు దీనిమీద రాయి. కుదించకు. బాగుచెయ్యకు. తిడితే తిట్టు రాయి. ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే, ఊరుకున్నాడని రాయి. మిగతావి ఎలా ఉన్నా సరే, ఒక్కటి మాత్రం తప్పకుండా అడిగి రాయి నాయనా. ఆ రోజు నేను దేనికి సరే అన్నానో.”